గద్వాలలో నన్ను పట్టిన నొప్పి

యుద్ధం నడుస్తున్న రోజులు. బావి నీళ్లలో ఏయే లవణాలున్నాయో పరీక్షించే పని మీద రసాయన శాస్త్రవేత్తగా నన్ను గద్వాలకు పంపారు. ఒక నేతగాని ఇంట్లో ముందు గదిలో దిగాను. ఇంట్లో ఆయనా, ఆయన ముసలి తల్లీ, ఇద్దరే.

ఒక ఉదయం దగ్గర్లోని ఇటిక్యాల ఊరి నుంచి తెచ్చిన నీటి సీసాలకు చీటీలు అంటిస్తుండగా ఎడమ నడుములో పోటు మొదలైంది. చేతిలో సీసా కింద పెట్టేలోపే గజ్జల్లోకి దిగింది. కూర్చోలేను, పడుకోలేను. వాంతి అయింది. మూత్రపిండంలో రాయి అని అర్థమైంది. అది దేనితో తయారవుతుందో కూడా నాకు తెలుసు. ఆ చదువు ఒక్క క్షణమూ అక్కరకు రాలేదు. గచ్చు మీద పడి పొర్లాను.

లోపల మగ్గం చప్పుడు ఆగింది. నేతగాడు వచ్చి చూసి, పరుగున వెళ్లి దవాఖాన కాంపౌండర్‌ను తీసుకొచ్చాడు.

"డాక్టర్ సాబ్ ఊళ్లు తిరగవోయిండు సార్. నొప్పి సూది బీరువల ఉంది గని, తాళంచెవి ఆయన తాననే ఉంది," అన్నాడు కాంపౌండర్.

"ఎప్పుడొస్తారు?"

"తెల్వదు సార్."

"బీరువా పగలగొట్టు!" అని అరిచాను.

"నా నౌకరీ పోతది సార్," అన్నాడు కళ్లనీళ్లతో. అలా అరిచినందుకు తర్వాత సిగ్గుపడ్డాను. అప్పుడు మాత్రం మరో పోటు వచ్చింది, అంతే.

ముసలామె కొండపిండాకు కషాయం కాచి తెచ్చి, నా తల పైకెత్తి పట్టుకుంది.

"తాగు బిడ్డా. మా పెద్దోడు గూడ గిట్లనే పొర్లిండు."

"ఇప్పుడెలా ఉన్నాడమ్మా?"

"లేడు బిడ్డా."

మూడో రోజున మూత్రంలో రాయి పడింది. జొన్నగింజంత కూడా లేదు. కషాయం వల్లనో, దానంతటదేనో చెప్పలేను.

"మా బాయి నీళ్లతోనే గిట్లయితుందా? నువ్వు సదువుకున్నోనివి గద," అని అడిగిందామె.

ఆ నీళ్లు అప్పటికే పరీక్షించాను. సున్నం ఎక్కువే. అదే కారణమనడానికి గాని, కాదనడానికి గాని నా దగ్గర రుజువు లేదు.

"తెలియదమ్మా," అన్నాను.

కొత్త బావి తవ్వించమని పైవాళ్లకు రాశాను. జవాబు లేదు. తర్వాత హైదరాబాదులో నాకు ఆపరేషన్ చేసి మరో రాయి తీశారు. కోలుకుని గద్వాల వెళ్లేసరికి, నేతగాడు మగ్గం గుంటలో నడుము పట్టుకుని కూర్చున్నాడు.

"నాకు గూడ షురువైంది సారూ."

"నాతో హైదరాబాదు రా."

"ఎట్ల రావాలె? అమ్మను ఎవరు చూస్తరు?"

గుంట అంచున ఆయన పక్కనే కూర్చుండిపోయాను.