పిల్లిపీచర గడ్డలు

డెబ్బైల్లో ఒక మధ్యాహ్నం రామగుండం స్టేషన్లో బండి కోసం చూస్తున్నాను. అప్పుడే రైలు దిగిన ఒక ముసలామె అలుపు తీర్చుకోవడానికి నా పక్కన కూర్చుంది. ఒళ్లోని మూటలో మట్టి ఆరని గడ్డలున్నాయి. ఏమిటవ్వా అవి అని అడిగాను.

"పిల్లిపీచర గడ్డలు, కొడుకా. దంచి తవుడుల కలిపి పెడితే ఆవుకు పాలు పడతయ్. నా బిడ్డ కాన్పుల పోయింది. ఇరవై దినాల పసిపొల్లను ఆవుపాల మీదనే సాకుతున్న. ఆవేమో వట్టిపోతున్నది. మా ఊరి చుట్టు బొగ్గు కోసం తవ్విండ్రు, గడ్డలు దొరుకుతలెవ్వు. గోదారి అవతలి అడవికి పోయి తెచ్చిన."

అంతలో ఆమె అల్లుడు పరుగున వచ్చాడు.

"అత్తా, పొల్ల పొద్దున్నే పోయింది."

ఆమె చాలాసేపు గడ్డల మీది మట్టిని కొంగుతో తుడుస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీ ఇంట్ల ఆవున్నదా, కొడుకా?"

"ఉన్నదవ్వా."

మూట నా ఒళ్లో పెట్టి అల్లుడి వెంట వెళ్లిపోయింది.

ఆమె చెప్పినట్టే దంచి పెట్టాం. వారం తిరిగేసరికి మా ఆవు చెంబు నిండా పాలిచ్చింది. నా భార్య సంబరంగా గ్లాసెడు తెచ్చిచ్చింది. తాగలేకపోయాను.