పెద్దమామా గదిలో వేడిగాలి

బహ్రెయిన్ అంటే మా వైపు వాళ్ళకి ఎండే గుర్తొస్తుంది గానీ, నేను కొత్తగా వెళ్ళిన ఆ రోజుల్లో నన్ను ఏడిపించింది చలి. అప్పటికి నా చదువల్లా మా నాన్న ఇంట్లో బైబిలు ముందు పెట్టి దిద్దించిన అక్షరాలే. యంత్రాల గురించి ఆయన నేర్పింది మాత్రం ఒకటే ముక్క: మోటారు మూలుగుతూ ఫ్యాను తిరగకపోతే తక్షణం ఆపెయ్యాలి, లేకపోతే కాయిల్ కాలిపోతుంది. (లో వోల్టేజీ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇది పదకొండో ఆజ్ఞ.)

ఉమ్మ్ అల్ హస్సామ్ అనే పేటలో ఒక మేడం వాళ్ళ తల్లిని చూసుకునే పని నాది. అక్కడ అమ్మని మామా అంటారు కాబట్టి ఆవిడని పెద్దమామా అనేదాన్ని. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆవిడ నవ్వగా చూడలేదని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ ఏడు ముసురు పట్టి, ఆవిడ దగ్గు గుండెల్లోకి దిగింది. ఇంకోసారి చలి తగిలితే మనిషి దక్కదని డాక్టరు అన్నాడట. గదిలో ఏసీని వేడికి పెట్టమని మేడం డ్యూటీకి వెళ్తూ హిందీలో మరీ మరీ అప్పజెప్పింది.

పెట్టాను. లోపల గుయ్యిమంది, ఫ్యాను కదల్లేదు. ఆపేశాను. కాసేపాగి మళ్ళీ పెట్టాను, మళ్ళీ గుయ్యిమంది, మళ్ళీ ఆపాను. ఆ ఉదయమంతా మోటారుని కాపాడుతూ ముసలావిణ్ణి గడ్డకట్టించాను. ‘బర్ద్, బర్ద్’ అని ఆవిడ చలికి వణుకుతుంటే ఇంట్లో దుప్పట్లన్నీ తెచ్చి కప్పి, ప్రభువా ఈ ఫ్యాను తిప్పు అని కళ్ళనీళ్ళతో వేడుకున్నాను. మళ్ళీ ఆపబోతుంటే పెద్దమామా నా చేతిలోంచి రిమోటు లాక్కుని దుప్పటి కింద దాచేసింది.

“సబ్ర్, బింతీ” అంది. ఓపిక పట్టు తల్లీ అని.

ఆవిడ జపమాల తిప్పుకుంటూ, నేను కీర్తన గొణుక్కుంటూ కూర్చున్నాం. ఫ్యాను నెమ్మదిగా తిరిగింది. వెచ్చటి గాలి వచ్చింది. గది వేడెక్కాక రిమోటు ఇస్తే ఆపాను, ఈసారి ఫ్యాను ఆగలేదు. ఇందులో ఏదో దూరిందని నేను ఎగిరి గుమ్మంలో పడి, యేసు నామంలో ఆగమని దాన్ని గద్దించాను. పెద్దమామా నవ్వింది. దగ్గు తెరలు తెరలుగా వస్తున్నా నవ్వింది.

సాయంత్రం డ్రైవరన్నని (కరీంనగర్ వైపాయన) అడిగాను.

“మన పొయ్యి లెక్కనే చెల్లె. రాజుకోకముందే ఊదితే సల్లగాలే గద. అందుకే లోపల కాగేదాంక ఆగుతది. బంద్ జేసినంక గూడ లోపలి వేడి పోయేదాంక తిరుగుతది. దయ్యం గాదు, ఏం గాదు.”

ఆ దగ్గు తగ్గింది. పెద్దమామా మాత్రం రోజూ ఏసీ ఆపే వేళకి నన్నే పిలిచి, దుప్పటి గడ్డం దాకా లాక్కుని నా వైపు చూస్తూ ఉండేది. నాకు సంగతంతా తెలుసు. అయినా రోజూ ఎగిరి గుమ్మంలో పడేదాన్ని. ఎండలు ముదరకముందే ఆవిడ నిద్రలో వెళ్ళిపోయింది. ఆ కాసిని నవ్వులూ నా చేత ఇప్పించినందుకు దేవుడికి స్తోత్రం. నా మోకాళ్ళలో అప్పట్లో అంత బలం పెట్టినందుకు కూడా. ఇప్పుడు నన్నెవరైనా నిజంగా భయపెట్టినా, కుర్చీ పట్టుకునే లేవాలి.