మళ్ళీ మాస్టారు

జగన్నాధం మాస్టారి చేతికి ఏ కాగితమిచ్చినా ‘మళ్ళీ’ అని తిరిగిచ్చేస్తారు. శ్రీకాకుళంలోని ఆ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు మేజర్ తీసుకున్న పిల్లలకు మొదట తగిలే పేపరు కాంపోజిషన్. మొదట వినబడే మాట అదే.

గుమస్తా కొండబాబు కూతురి శుభలేఖ ఇవ్వబోతే, అదీ తిరిగొచ్చింది.

"పెల్లికూతురి పేరు సీమంత అచ్చరాల్లో, పెల్లికొడుకు ఉద్యోగం ఏనుగంత అచ్చరాల్లో ఏటిరా? మళ్ళీ అచ్చేయించు."

అరసవల్లి టిఫిన్ కొట్టువాడు ఆయన్ను చూడగానే చట్నీ గిన్నె దాచేస్తాడు. లోకం మొత్తంలో ఆ మాట పడకుండా బతికినది భార్య తాయారమ్మ వండే కూర ఒక్కటే. అక్కడ ఆ మాట నోటిదాకా వచ్చి, ముద్దతోపాటు లోపలికి పోతుంది.

ఇవేవీ అనూరాధకు నవ్వు తెప్పించలేదు. నౌపడ అవతల సముద్రపొడ్డు పిల్ల. తల్లి అమ్మడు పడవల దగ్గర వేలంలో చేపలు పాడుకుని, రైల్లో టౌనుకు తెచ్చి అమ్ముతుంది. పిల్లకి ఇంటరుదాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు టీచరు కావాలని పట్టుబట్టి చేరింది. మొదటి కాంపోజిషన్ ‘మా అమ్మ’. గైడులోది కంఠతా పట్టి దించేసింది. మాస్టారు చదివి కళ్ళజోడు తీశారు.

"మీ అమ్మ తెల్లారగట్ల గులాబీ మొక్కలకి నీల్లు పోస్తాదేటమ్మా?"

"గైడులో అమ్మ పోస్తాదండి."

"మరి మీ అమ్మ?"

"సేపల పాటలో దెబ్బలాడతాది."

"అయితే ఆ దెబ్బలాట రాయి. మళ్ళీ."

రాసింది. ‘ఎవరితో?’ అన్నారు. మళ్ళీ. ‘ఎందుకు?’ అన్నారు. మళ్ళీ. ‘పాటలో ఓడిపోయిన రోజు ఇంట్లో ఏం వండింది?’ అన్నారు. అనూరాధ ఇంటికెళ్ళి అడిగితే అమ్మడు గంప దించి నడుంమీద చేయి వేసుకుంది.

"ఒసే, మీ సారు నీకు సదువు సెప్తన్నాడా, నామీద ఎంక్వైరీ ఏస్తన్నాడా?"

సంవత్సరం చివరికొచ్చింది. కాంపోజిషన్‌లో సగం మార్కులు రానివాళ్ళను ఇంగ్లీషు మేజర్ నుంచి తీసేసి వేరే సబ్జెక్టుకు పంపాలన్నది ఆ కాలేజీ సొంతంగా పెట్టుకున్న నియమం. అలా పోవలసినవాళ్ళలో కాన్వెంటు పిల్లలు ఎవరూ ఉండరు. ఎవరిని ఏరెయ్యడానికి పెట్టారో వేరే చెప్పాలా? గడువు ఆ సాయంత్రమే. అనూరాధకు ఇంకా ఒక్క మార్కూ పడలేదు. భయం కోపమై, ఆమె నేరుగా ప్రిన్సిపాల్ తిరుమలరావు గదిలోకి నడిచింది.

"మాస్టారు తిప్పడమే గానీ మార్కులెయ్యరండి. నా సీటు పోతాదండి."

తిరుమలరావు ముఖం వెలిగిపోయింది. వెంటనే మాస్టారికి కబురు వెళ్ళింది.

"ఎన్నాళ్ళనుంచో చూస్తున్నాను జగన్నాధంగారూ. ఎప్పుడడిగినా ఇంకా దిద్దుతున్నానంటారు. మార్కుల్లేకుండా ఎవర్ని తియ్యగలం? గడువు దాటిపోతుంది, అందరూ ఉండిపోతారు. ఈసారి ఆ పిల్లే వచ్చి అడిగింది."

అనూరాధకు అప్పుడు తెలిసింది. మార్కు పడకపోవడమే ఇన్నాళ్ళూ తన సీటును కాసిన గోడ. ఆ గోడను ఇప్పుడు తన చేత్తోనే కూల్చుకుంది.

మాస్టారు చేతిలోని కాగితం బల్లమీద పెట్టారు.

"ఎయ్యమంటే ఇప్పుడే ఏస్తానండి. ఇది నిన్న రాసింది."

"నిన్నటిది కాదు. రూలు ప్రకారం మొదటిసారి రాసినదానికే."

"అయి నా కాడుండవండి. ఎవరియి ఆల్లకే ఇచ్చేస్తాను."

తిరుమలరావు అనూరాధవైపు చేయి చాపాడు. "నీ దగ్గరుందా? ఇలా ఇయ్యి."

ఉంది. సంచిలోనే ఉంది. ఆమె ఆ సంచిని చంకకింద గట్టిగా నొక్కుకుంది.

"లేదండి. మా అమ్మ దాన్లో ఎండుసేపలు సుట్టి అమ్మేసింది."

"ఎవరికి?"

"మీ ఇంటికేనండి. మేడమ్‌గారు బేరమాడి మరీ కొన్నారంట."

మాస్టారు పొందూరు కండువాతో గభాల్న నోరు కప్పుకుని కిటికీవైపు తిరిగారు. తిరుమలరావు చాపిన చేతిని ఏం చేయాలో తెలియక బల్లమీది కాగితం అందుకున్నాడు. తప్పు దొరుకుతుందేమోనని కళ్ళు చిట్లించి మొదలుపెట్టాడు. కాగితంలో అమ్మడు పాట పెంచుతోంది. ఎదురు పాడే షావుకారు గొంతు పెంచుతున్నాడు. అమ్మడు ఖాళీ గంప ఎత్తింది. తిరుమలరావు కుర్చీ అంచుకు జరిగాడు. గబగబా పేజీ తిప్పాడు. వెనక ఖాళీ.

"తర్వాతేమైంది?" అన్నాడు, తలెత్తి.

"ముందు మార్కులేయించండి సార్," అంది అనూరాధ, "తరవాత సెప్తాను."