ఉద్వాసన చెప్పని బోర్డు

తొంభైల్లో మా ఆయన హిందీ మాట్లాడే ఊళ్లో ఒక ప్లాంటు మిషన్ షాపులో లేత్ మిషను మీద పనిచేసేవారు. ఒక ఏడు వానాకాలంలో ఆయన కుడిభుజం పట్టేసింది. చెయ్యి తలకంటే పైకి లేచేది కాదు. తెలిస్తే మిషను మీంచి తీసేస్తారని షాపులో ఎవరికీ చెప్పలేదు.

అప్పుడే షాపు సర్దడం మొదలైంది. కొత్తగా వచ్చిన ఇంజినీరు గోడకు పెద్ద బోర్డు కొట్టించి, ప్రతి పానాకూ దాని ఆకారం పెయింటుతో గీయించి, సైజువారీగా తగిలించాడు. విశ్వకర్మ పూజనాడు మా క్వార్టర్లున్న సెక్టర్ 7 నుంచి ఇళ్లవాళ్లమంతా చూడ్డానికి వెళ్లాం. బోర్డుకు బంతిపూల దండ, పానాలకు కుంకుమ బొట్లు. మనసారా దండం పెట్టుకున్నాను. ఆ తర్వాత చూశాను: రోజూ వాడే పెద్ద పానాలన్నీ పైవరసలో ఉన్నాయి. అందుకోవడానికి కింద ఒక స్టూలు.

వారాలు గడిచాయి. ఒక సాయంత్రం చొక్కా విప్పుకోలేకపోతుంటే ఆముదం రాస్తూ, బోర్డు దించమని అడగకూడదా అన్నాను.

"పూజ సేసిన బోర్డే. ఎవుడు కదుపుతాడే? రేపు ఎవుడి ఏలు తెగినా మన మీదకే వస్తాది."

నాకు నవ్వొచ్చింది. పూజావిధానం మా నాన్నగారు ఇంట్లోనే నేర్పారు నాకు.

"వ్రతం అయ్యాక మన కలశాన్ని ఏటి సేస్తన్నాం? ఉద్వాసన సెప్పి కదపట్లేదా? ఉద్వాసన సెప్తే దేవుడు పూజ అందుకుని ఎళ్లిపోతాడండీ. ఇంక ఆ బోర్డు మీ అందరిదే."

"ఎందుకు దించాలంటే ఏటి సెప్పను?" అన్నారు ఆయన.

"భుజం సంగతి సెప్పండి."

మర్నాడు షిఫ్టు మొదట్లో అందరూ కూడినప్పుడు చెప్పేశారట. ఆ తర్వాత పక్క మిషను భయ్యా, తన మోకాలికి స్టూలెక్కడం గండమేనన్నాడు. ఇంకొకాయన తనకు పైవరస సరిగ్గా కనిపించదన్నాడు. అంతా హాయిగా ఉందనుకున్న ఇంజినీరు ఎవరి పానా ఎక్కడుండాలో వాళ్లనే చెయ్యి పెట్టి చూపించమన్నాడు. కొబ్బరికాయ కొట్టి, ఉద్వాసన చెప్పి బోర్డు దించారట. ఆ సలహా నాదని తెలిసి, భాభీనే, అంటే వదిన్నే, పండిట్‌జీగా పెట్టేసుకుందామని ఫోర్‌మన్ వేళాకోళమాడాడట.

బోర్డును ముక్కలుగా కోసి, ఏ మిషను పానాలు ఆ మిషను దగ్గరే నడుమెత్తున బిగించారు. మునుపటంత అందంగా లేదట.

మా ఆయన్ని మిషను మీంచి తీయలేదు. ఎక్స్‌రే తీయించుకు రమ్మని ఇంజినీరే ఒకపూట వదిలాడు. ఇద్దరం టెంపోలో ఆసుపత్రికి వెళ్లాం. నేను లోలోపల స్వామికి మొక్కుకుంటూనే ఉన్నాను. వానాకాలం నుంచి మూగగా ఉన్న మనిషి దారంతా లేత్ గురించి మాట్లాడుతూనే ఉన్నారు.