టార్చివాడి ప్రేక్షకుడు

ఆ సినిమాలో ఒక ఒంటరివాడు ఎదురింటి కిటికీ వంక చూస్తూ కూర్చుంటాడు. ఇంటర్వెల్ దాకా చూడటమే. ఆ తర్వాత కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని మళ్లీ చూస్తాడు. "వీడికి పనీ పాటా లేదు," అనుకునేవాడు హాల్లో టార్చి పట్టుకుని సీట్లు చూపించే మనిషి. అనుకుంటూనే, తాను మాత్రం తెర వదిలేసి, మధ్య వరసలో కూర్చున్న ఏకైక ప్రేక్షకుడి బట్టతల వంక చూస్తూ నిలబడేవాడు.

ఆ బట్టతలాయన రోజూ మధ్యాహ్నం ఆటకు వచ్చేవాడు. భార్య పోయాక టార్చి మనిషిని ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఈయన రాక మొదలయ్యాక అతను ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్నాడు. ఒక్క మాట మాట్లాడుకున్నది లేదు గాని, ఈయనా నాలాంటివాడే అన్న నమ్మకం మాత్రం మనసులో వేళ్లూనుకుంది.

ఒకరోజు మేనేజరు పిలిచాడు. "ఇంక లాభం లేదు బాబాయ్. ఇవాళ ఇద్దరైనా లేకపోతే సినిమా ఎత్తేస్తా."

టార్చి మనిషి పరుగున వెళ్లి పక్క వీధిలో ఉండే వదినను తీసుకొచ్చాడు.

"ఫైటింగులున్నాయా?"

"చివర్లో ఉన్నాయి వదినా," అని అబద్ధమాడాడు.

కౌంటర్లో ఆమెకు కట్టలోంచి తర్వాతి టికెట్టు చింపి ఇచ్చారు. అది బట్టతలాయన పక్క సీటు. హాలంతా ఖాళీ, ఎక్కడైనా కూర్చోబెట్టొచ్చు. కాని నంబరు తప్పడం అతనికి చేతకాదు. టార్చి వేసి ఆమెను సరిగ్గా అక్కడే కూర్చోబెట్టాడు.

కాసేపటికి వదిన గొంతు హాలంతా మోగింది. "ఎంతసేపు చూస్తాడండీ వీడు, మెడ పట్టెయ్యదూ? ఆ కిటికీలో పిల్ల ఏమవుతుంది వీడికి?"

బట్టతలాయన ఉలిక్కిపడ్డాడు. "ఏమోనమ్మా. రోజూ వస్తాను గాని, ఇక్కడిదాకా ఎప్పుడూ చూళ్లేదు."

ఇంటర్వెల్లో ఇద్దరూ బయట టీ కొట్టు బల్ల మీద కూర్చుని పకపకా నవ్వుతున్నారు. టార్చి మనిషి చొక్కా సర్దుకుని ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. బట్టతలాయన ఎగాదిగా చూసి, "ఎవరు కావాలండీ?" అన్నాడు.

"మా మరిదండీ. రోజూ మీకు సీటు చూపించేది ఈయనేగా!" అంది వదిన.

"అయ్యో, ఏమనుకోకండి. చీకట్లో మొహం ఎక్కడ కనిపిస్తుంది!"

టార్చి మనిషి ఒకడుగు ముందుకు వేశాడు. "ఈ సినిమా మీకంత ఇష్టమాండీ?"

"ఇష్టమా, నా మొహమా! నాది రాత్రి డ్యూటీ. పగలు పడుకుందామంటే మా పై వాటాలో నేల పగలగొడుతున్నారు. ఇక్కడైతే మాటల్లేని సినిమా, హాయిగా నిద్ర పడుతుంది. ఇవాళ్టితో వాళ్ల పని అయిపోయిందిలెండి, ఇంక మీకు నా బాధ ఉండదు."

లోపల బెల్లు మోగింది. టార్చి మనిషి కదల్లేదు.

"ఆ పై వాటాలోకి ఎవరైనా అద్దెకొస్తున్నారాండీ?"

"ఇంకా ఎవరూ లేరు. ఏం?"

వదిన టీ గ్లాసు కింద పెట్టి మరిది మొహంలోకి చూసింది. "ఉన్న కొంపకేమొచ్చిందయ్యా?"

"మా ఇంట్లో నేల బాలేదు వదినా," అన్నాడతను.