పుల్లమజ్జిగ పోసిన కరివేపాకు

2020 ఏప్రిల్ 9, గురువారం, ఉదయం ఏడుంబావుకు మా అమ్మాయి బీపీ మొదటిసారి హద్దు దాటింది. పైది నూట నలభై ఎనిమిది, కిందిది తొంభై ఆరు. ఆ రోజుకి ఆమెకు సరిగ్గా ముప్ఫై ఒక్క వారాలు నిండాయి. తొలి కాన్పు. పురుడు పోయడానికని నేను మార్చి మొదట్లో దుబాయ్ వచ్చాను. ఆ నెల దాటకుండానే విమానాలు ఆగిపోయాయి.

డాక్టరమ్మ ఫోన్లోనే మాత్రలు చెప్పి, రెండు లెక్కలు ఇచ్చింది. మే 21కి ముప్ఫై ఏడు వారాలు నిండుతాయి, అప్పటిదాకా బిడ్డ కడుపులో ఉండాలి. పైది నూట యాభై ఐదు దాటితే ఇంకేమీ చూడకుండా ఆసుపత్రికి వచ్చేయాలి. లోపలికి మాత్రం ఆమెను ఒక్కదాన్నే రానిస్తారు. వైరస్ రోజులవి.

ఇల్లు అల్ కుసైస్‌లో, నాలుగో అంతస్తులో. ఒకే పడకగది. గడప దాటాలంటే పర్మిట్ కావాలి. పార్కులకు తాళాలు వేశారు. అల్లుడు హాల్లో కూర్చుని ఆఫీసు పని చేసేవాడు. ఎవరి ఉద్యోగం పోయింది, ఎవరి జీతం సగమైంది, ఆ మాటలన్నీ తలుపు సందులోంచి పడకగదిలోకి వచ్చేవి. అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుని వినేది. నిద్రపోతున్నావా అని అడిగితే అవుననేది.

బాల్కనీలో ఏసీ యంత్రం, బట్టలారేసే స్టాండు, ఒక కరివేపాకు చెట్టు ఉండేవి. అంతకుముందు అద్దెకున్నవాళ్ళు పెయింటు డబ్బాలో వేసి వదిలేసి వెళ్ళిన చెట్టది. నడుమెత్తు ఉండేది. ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టి దానికే పోసేవాళ్ళం. ఆ ఇంట్లోంచి ఎటు చూసినా ఇసుక రంగు గోడలే. పచ్చగా ఉన్నది అదొక్కటే.

ఒకరోజు పొద్దున్నే అమ్మాయి స్టూలు వేసుకుని దాని పక్కన కూర్చుంది. ఒక ఆకు నలిపి వాసన చూస్తూ అలాగే ఉండిపోయింది. లోపలికి వచ్చాక చూస్తే పైది నూట ముప్ఫై ఆరు. నేను నమ్మలేదు. మర్నాటి నుంచి గదిలో ఒకసారి, అరగంట బాల్కనీలో కూర్చున్నాక ఒకసారి, అదే చేతికి పెట్టి చూశాను. ఎక్కువ రోజులు తగ్గింది, కొన్ని రోజులు తగ్గలేదు. మాత్రలు కూడా పనిచేస్తూ ఉండి ఉంటాయి. కాని గదిలో పళ్ళు బిగించుకుని ఉండే పిల్ల అక్కడ కూర్చుంటే మొహం వదులయ్యేది. అది మెషీనుతో పని లేకుండానే కనపడేది.

"రోజూ ఆ చెట్టుతో ఏం చెబుతావే? నాకు చెప్పకూడదా?" అన్నాను.

"నువ్వు ప్రతిదానికీ తేదీ అడుగుతావమ్మా. అది అడగదు."

అప్పట్లో కొట్టు నుంచి వచ్చిన సరుకులు ఒక రోజంతా గుమ్మం బయటే ఉంచి, ఆ తర్వాత తుడిచి లోపలికి తెచ్చుకునేవాళ్ళం. ఆ వేడికి మజ్జిగ సీసాలు పులిసిపోయేవి. అల్లుడిది కరీంనగర్ వైపు, మాది కాకినాడ. కరివేపాకుకు పుల్లమజ్జిగ పోయడం ఇద్దరిళ్ళలోనూ ఉన్నదే.

మే 7న అతను నన్ను మెల్లగా బాల్కనీలోకి పిలిచాడు. ఆకులు పసుపుపచ్చగా మారి, ముట్టుకుంటే రాలుతున్నాయి.

"గిట్లెందుకైంది అత్తమ్మా?"

"ఏం పోశారు బాబూ దీనికి?"

"పుల్లమజ్జిగనే. ఇంటికాడ మా అమ్మ గదే పోస్తది. ఏపుగ పెరుగుతదని నాలుగు సీసాలు వోసిన."

మట్టి మీద తెల్లగా పేరుకుని ఉంది. వేలికి అద్ది నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు. వంటింట్లో ఒక సీసా మిగిలి ఉంటే తెచ్చి అక్షరాలు కూడబలుక్కుని చదివాను. ఇక్కడి మజ్జిగల్లో ఉప్పు వేసిన రకం కూడా ఉంటుంది, కొట్టువాడు పంపింది అదే. మన ఇళ్ళలో మజ్జిగ గ్లాసులో పోసుకున్నాకే ఉప్పు వేసుకుంటాం. పెరట్లో పోసేదాన్ని రుచి చూడాలని ఎవరికీ తోచదు.

అల్లుడు ఆ స్టూలు మీదే కూలబడ్డాడు. "ఆమెకు జెప్పకుండ్రి అత్తమ్మా. మల్ల బీపీ పెరుగుతది."

ఏసీ నీళ్ళు బకెట్లకు బకెట్లు పోసి మట్టి కడిగాం. ఎండ ముదిరింది, బాల్కనీ వద్దని అమ్మాయికి చెప్పాం. అల్లుడు తన ఫోన్లు వంటింట్లోకి మార్చుకుని, పొయ్యి పక్కన నిలబడి మాట్లాడేవాడు. ఆ గోడ కూడా పల్చనిదే. బీపీ రోజుకు కొంత చొప్పున పైకి పోతూ ఉంది. చెట్టు మోడయింది.

మే 10 ఉదయం నేను స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మాయి తానే బాల్కనీ తలుపు తీసింది. నేను వచ్చేసరికి ఒక పుల్ల విరిచి చూస్తోంది. లోపల కూడా పచ్చి లేదు.

"ఎప్పుడయిందమ్మా ఇది? తేదీ చెప్పు."

"ఏడో తారీకున చూశాం."

"మూడు రోజుల్నుంచీ ఎండ అంటున్నావు."

అంటూనే చెయ్యి చాపింది. మెషీను పెట్టాను. నూట యాభై ఎనిమిది, నూట రెండు. అల్లుడు అప్పటికే కారు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. ఆసుపత్రి గుమ్మం దగ్గర సంచీ ఆమె చేతికిచ్చి, కార్లోనే కూర్చున్నాడు. మర్నాడు ఉదయం ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. రెండు కిలోల వంద గ్రాములు.

చెట్టు ఎండినందుకే బీపీ పెరిగిందని నేను రాయను. ఎలాగైనా పెరిగేదేమో, ఎవరూ చెప్పలేరంది డాక్టరమ్మ. అల్లుడు ఆ మాట నమ్మలేదు. ఇప్పటికీ ఏ మజ్జిగైనా పారబోసేముందు వేలితో రుచి చూస్తాడు.

బిడ్డకు తక్కువైన బరువు సెప్టెంబరుకల్లా వచ్చేసింది కాబట్టి లెక్కలోంచి తీసేశాను. తిరిగి రానివి ఇవి: మే 21కి తక్కువైన పది రోజులు. తల్లి చేతికి అందకుండా బిడ్డ గాజుపెట్టెలో ఉన్న తొమ్మిది రోజులు. పెయింటు డబ్బాలో కరివేపాకు చెట్టు, ఒకటి.