హనోకు పళ్లూ, త్రినాధరావు చెరుకూ

అనకాపల్లిలో 2007 ప్రాంతంలో పెళ్లి చేసుకున్నవాళ్ల ఆల్బమ్ ఎప్పుడైనా చేతికొస్తే ఒకసారి తిరగేయండి. పెళ్లికూతురి పళ్లు మల్లెమొగ్గల్లా మెరుస్తుంటే అది దేవుడిచ్చిన వరమని పొరపడకండి. నెహ్రూచౌక్ పక్క సందులో స్టూడియో పెట్టుకున్న హనోకు ఇచ్చిన వరం అది. ఫిల్ము కెమెరాని మూలన పడేసి డిజిటల్‌లోకి దిగిన కొత్తలో హనోకు ఫోటోషాప్ నేర్చుకున్నాడు. అప్పట్నుంచీ ఊళ్లో ఒక్కరి పన్నునూ పచ్చగా ఉండనివ్వలేదు. గుట్కా నమిలే పెళ్లికొడుకుని సైతం మౌసు అటూ ఇటూ తిప్పి పాలపళ్ల పసివాణ్ణి చేసేసేవాడు.

ఇంతమంది నోళ్లు కడిగిన మహానుభావుడు తను మాత్రం పెదాలు విప్పి నవ్వేవాడు కాదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టు, అతని పళ్లే అతనికి శత్రువులు. చిన్నప్పుడు పళ్లు ఎదిగే వయసులో జ్వరాలొస్తే మింగించిన మందుబిళ్లల పుణ్యమా అని, పంటి లోపల్నుంచే గోధుమరంగు చారలు దిగిపోయాయి. బొగ్గుతో తోమాడు, ఉప్పుతో తోమాడు, నిమ్మచెక్కతో రుద్ది చిగుళ్లు మండించుకున్నాడు. పైన అంటిన మచ్చయితే పోతుంది గానీ లోపల పుట్టిన రంగు ఎక్కడికి పోతుంది? చర్చిలో పాస్టరుగారైతే ఇవి ఖైనీ మరకలేనని తీర్మానించి, ఒక ఆదివారం పేరు చెప్పకుండా, వేలు మాత్రం అతని వైపే చూపిస్తూ, వ్యసనాల నుంచి విడుదల కోసం ప్రార్థన చేయించారు. జన్మలో వక్కపొడి కూడా ఎరగని హనోకు తలొంచుకుని ఆమెన్ అన్నాడు.

భార్య కృపాజ్యోతికి ఈ చారలతో పేచీ లేదు. ఆవిడ పేచీ అల్లా పెళ్లిఫోటోతో. అందులో ఆవిడ హాయిగా నవ్వుతోంది, పక్కన మొగుడు అప్పుడే దవడపన్ను పీకించుకుని వచ్చినవాడిలా నోరు బిగించుకున్నాడు.

"ఊరందరి నవ్వులూ షోకేసులో పెడతన్నారు గదా! మీరు నవ్వింది, నా పక్కన, ఒక్కటుంటే సాలు నాకు," అనేది పెళ్లిరోజు వచ్చినప్పుడల్లా.

ఆ మాట విన్నప్పుడల్లా హనోకు మనసు చివుక్కుమనేది. ఆవిడ అడిగింది నగ కాదు, చీర కాదు. అదే ఇవ్వలేకపోతున్నాడు. ఆ ఏడు ఏమైనా సరే ఆ ఫోటో దిగి తీరాలని, ఆవిణ్ణి వెంటబెట్టుకుని పళ్ల డాక్టరు రాజశ్రీగారి దగ్గరకు వెళ్లాడు.

డాక్టరమ్మ నోరు తెరిపించి చూసింది. "ఇవి తోమితే పోయేవి కావు. వెనీర్లు పెట్టొచ్చు. అంటే పంటి ముందువైపు గోరంత పల్చటి పింగాణీ పెంకు అంటిస్తాం. ముందు చిగుళ్లు శుభ్రం చేయించుకోవాలి. తర్వాత పెంకు కూర్చోడానికి పన్ను పైపొర కొంచెం అరగదీస్తాం. అరిగింది మళ్లీ రాదు, అది బాగా ఆలోచించుకోండి."

"నచ్చకపోతే తీసీసి పాత పళ్లతో ఉండిపోలేమాండీ? మా కంప్యూటర్లో కంట్రోల్ జెడ్ కొడితే మొదటికొచ్చేత్తాది."

"నోట్లో కంట్రోల్ జెడ్ లేదండీ. ఒకసారి మొదలెడితే జీవితాంతం ఏదో ఒక పెంకు ఉండాల్సిందే. అవీ శాశ్వతం కాదు, కొన్నేళ్లకి మార్చాలి. రాత్రిళ్లు పళ్లు కొరుకుతారా?"

హనోకు లేదనేలోపే కృపాజ్యోతి అందుకుంది. "కొరకడవేటండీ! పెళ్లైన కొత్తలో ఎలకలనుకుని మంచం కింద బోను కూడా పెట్టేను."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ, అయితే పడుకునేటప్పుడు పళ్లకి తొడుగు పెట్టుకోవాలని చెప్పి, రంగుల నమూనాలు ముందు పెట్టింది. హనోకు రెండో ఆలోచన లేకుండా కొసనున్న తెల్లటి తెలుపు మీద వేలు పెట్టాడు. రోజూ కంప్యూటర్లో చేసే పనే కదా, ఆ చెయ్యి అక్కడికే పోతుంది.

"అది మీ కంటి తెల్లగుడ్డు కంటే తెల్లన. పైగా పెంకులు పైపళ్లకే, కింది పళ్లు అలాగే ఉంటాయి. పింగాణీ పెట్టాక రంగు మార్చడం కుదరదు," అంది డాక్టరమ్మ.

"నాకు రంగుల సంగతి తెలీదేటి మేడం!"

మొండివాడు రాజు కంటే బలవంతుడు. ఆవిడ ఒక మధ్యేమార్గం చెప్పింది. పన్ను అరగదీయకుండా, అదే రంగులో తాత్కాలిక పెంకులు పైపైన అంటిస్తుంది. కొన్నాళ్లు పెట్టుకుని తిరిగి, నచ్చితేనే అసలువి. "గట్టివి మాత్రం కొరక్కండి. ఇవి తేలిగ్గా ఊడతాయి. అసలువి పెట్టాక కూడా ముందు పళ్లతో సోడా మూతలు తీయడం, చెరుకు చీల్చడం మానేయాలి."

"సెరుకా? నానేటి, సిన్నపిల్లోణ్ణా!" అన్నాడు హనోకు.

కొత్త పళ్లతో వారం అంతా పండగే. కూరగాయలమ్మే ఆవిడకి నవ్వాడు, కరెంటు బిల్లు కట్టించుకునేవాడికి నవ్వాడు, వీధి కుక్కకి కూడా నవ్వాడు. అది రెండడుగులు వెనక్కి వేసింది. పాస్టరుగారు చూసి, ప్రార్థన ఫలించిందని పులకించిపోయి ఇంకో కీర్తన ఎత్తుకున్నారు. ఆ సాయంత్రమే హనోకు స్టూడియోలో లైట్లు వేసి, టైమరు పెట్టి, పరుగెత్తుకెళ్లి పెళ్లాం పక్కన కూర్చుని పళ్లన్నీ బయటపెట్టాడు.

కృపాజ్యోతి ఆ ఫోటోని చాలాసేపు చూసింది. పైన ట్యూబులైటు, కింద తుప్పు. మధ్యలో బిగుసుకుపోయిన నవ్వు.

"ఏటే, ఎలాగుంది?"

"బాగానే ఉందండీ. కానీ పరాయి మగాడి పక్కన కూకున్నట్టుంది," అంది నెమ్మదిగా.

హనోకు కంప్యూటరు కట్టేశాడు. ఇంత చేసినా ఆవిడకి కావలసింది దొరకలేదని అర్థమై, ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఆ మర్నాడు బుచ్చయ్యపేట దగ్గర పల్లెలో గృహప్రవేశం ఫోటోలు ఒప్పుకున్నాడు. ఇంటాయన త్రినాధరావు చెరుకు రైతు, హనోకుకి పాత స్నేహితుడు. లైటు పట్టుకోడానికి కృపాజ్యోతి కూడా వెళ్లింది. పని అయ్యాక త్రినాధరావు ఇద్దర్నీ గానుగ దగ్గరకు తీసుకెళ్లాడు. పెనంలో బెల్లం ఉడుకుతున్న వాసనకే కడుపు నిండిపోతోంది. ఆయన తోటలోంచి లావుపాటి గడ ఒకటి విరిచి తెచ్చి చేతిలో పెట్టాడు.

"తిను బావా. ఈయేడు పంటకి నువ్వే ముందు. వద్దన్నావంటే నా తోటని అవమానించినట్టే!"

ఆ పక్కల చెరుకు వద్దన్నవాణ్ణి మళ్లీ గుమ్మంలోకి పిలవరు. కత్తితో ముక్కలు కొట్టించుకుని దవడపళ్లతో నమిలితే ఏ గొడవా ఉండేది కాదు. కానీ అనకాపల్లివాడి చేతికి గడ దొరికాక ఇక బుర్రతో పనేముంది? గడ దానంతటదే నోటికొచ్చింది. ముందు పళ్లు వాటంతటవే తొక్క పట్టుకున్నాయి. ఒక్క లాగు లాగాడు.

టప్‌మంది.

చెరుకు తొక్కకి రెండు తెల్లటి పెంకులు అతుక్కుని బయటికొచ్చాయి. త్రినాధరావు వాటిని చూశాడు, హనోకు నోటి వంక చూశాడు, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఓలమ్మో! నా సెరుకు బావ పళ్లు పీకీసిందిరో!" అని గావుకేక పెట్టాడు. గానుగ దగ్గరున్నవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. చెరుకు అంత గట్టిగా పండినందుకు గర్వపడాలో, పాపం చేసినందుకు ఏడవాలో ఆయనకి పాలుపోలేదు. "ఆసుపత్రికి బండి కట్టండ్రా!" అని ఒక పక్క అరుస్తూనే, ఇంకో పక్క, "ఎరువు ఎక్కువైపోనాదేటి?" అని గొణుక్కుంటున్నాడు.

హనోకు అసలు సంగతి చెబుదామని నోరు తెరిచాడు. మాట కంటే ముందు నవ్వొచ్చింది. ఎక్కడో పొట్టలోంచి తన్నుకొచ్చింది. చెరుకురసం గడ్డం మీద కారుతుంటే, మోకాళ్లు పట్టుకుని, కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవాలన్న సంగతే మర్చిపోయాడు. కృపాజ్యోతి చేతిలోని లైటు కింద పడేసి, భుజానున్న కెమెరా తీసి త్రినాధరావు చేతికిచ్చి, "ఇక్కడ నొక్కండన్నయ్యా!" అని పరుగెత్తుకొచ్చి మొగుడి పక్కన నిలబడింది. ఆ కంగారులోనే ఆయన నొక్కేశాడు.

ఇంటికొచ్చాక హనోకు ఆ ఫోటోని కంప్యూటరులో ఎక్కించాడు. కాస్త వంకరగా వచ్చింది. పక్క పళ్లు తెల్లగా, మధ్యలో రెండూ గోధుమరంగు చారలతో ఉన్నాయి. అలవాటు చొప్పున మౌసు మీద చెయ్యేశాడు.

"ముట్టుకున్నారంటే ఊరుకోను," అంది కృపాజ్యోతి. ఆవిడ కళ్లు తడిగా ఉన్నాయి. హనోకు చెయ్యి తీసేశాడు.

మిగిలిన పెంకులు తీయించుకోడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ, అసలువి ఎప్పుడు పెడదామని అడిగింది.

"సెరుకు కాలం అయిపోనీండి మేడం, ఆలోసిత్తాను," అన్నాడు. మన ప్రాంతంలో చెరుకు కాలం ఒకటి అయిపోగానే ఇంకోటి వచ్చేస్తుందని ఆవిడకీ తెలుసు.

ఆ ఫోటో షోకేసులో నడిమధ్యన వేలాడింది. స్టూడియోలోకి వచ్చినవాళ్లు ముందు దాన్ని చూసేవారు, తర్వాత కెమెరా వెనకున్న మనిషిని చూసేవారు, ఆపుకోలేక నవ్వేసేవారు. అతనూ పళ్లన్నీ కనబడేలా నవ్వి, అప్పుడు నొక్కేవాడు. "నవ్వండి" అని చెప్పాల్సిన పని ఇక అతనికి పడలేదు.